గోరు దిగని సీసం

పదకొండు గ్రాములు. తొమ్మిదేళ్ళుగా నేను మోస్తున్న బరువు కచ్చితంగా అంతే. వంటింటి తూకం మీద పెట్టి మరీ చూశాను. నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు. ఎదుటివాళ్ళను నవ్వించుకుంటూనే బతికాను, నోరు మూసుకోవాల్సిన చోట కూడా. నేను చెప్పబోయేది ఆ చోటు గురించే.

మొన్న గరాజ్ సర్దుతుంటే పాత కాఫీ డబ్బా అడుగున ఒక సీసపు గుండు దొరికింది. బొటనవేలి గోరు నొక్కి చూశాను. గీత పడలేదు. అంతే. అప్పటి నుంచీ కూరలు మాడుస్తున్నాను, ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను. ఇక ఎవరికో ఒకరికి చెప్పకపోతే పేలిపోయేలా ఉన్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక రెస్టారెంట్‌లో వంటవాణ్ణి నేను. ఏడో తరగతిలోనే చదువుకు దండం పెట్టేశాను. కాకినాడ పక్కన మా ఇంట్లో సీసం కరిగించి వలలకు కట్టే గుండ్లు పోసేవాళ్ళం. బడిలో ఎక్కని బుర్రకు ఆ పొయ్యి దగ్గర అన్నీ ఎక్కాయి. సీసం ఎప్పుడు అదనుకొచ్చిందో దాని మెరుపు చూసి చెప్పగలను. అమెరికాలో ఈ విద్య ఎవరిక్కావాలి అనుకున్నాను, డాక్టర్ గారు పరిచయమయ్యేదాకా.

ఆయనది నేపర్‌విల్. రిటైరైన సర్జన్. ఏటా నవంబరులో విస్కాన్సిన్ వెళ్ళి, తెలిసిన రైతు పొలంలో జింకను వేటాడతారు. కొన్న తూటాలు ముట్టరు. గుండు ఇంట్లోనే పోయాలి, తుపాకి మందు తూచి నింపాలి, తూటా చేత్తో తయారవ్వాలి. నా సంగతి ఎవరో చెబితే గరాజ్‌కు పిలిపించారు. నేను పోసిన మొదటి గుండును కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూసి, "ఒరేయ్, ఇది సర్జరీరా!" అన్నారు. ఆయన స్నేహితులంతా డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ మేనేజర్లు. వాళ్ళ స్టాకుల మాటల్లో, గ్రీన్ కార్డు మాటల్లో నాకు చోటుండేది కాదు. కానీ "ఇది మావాడు పోసిన గుండు" అని ఆయన అనగానే అందరూ తలతిప్పి నన్ను చూసేవాళ్ళు. ఆ చూపు రుచి మరిగాను.

ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా మీకు అర్థమవుతుంది. జింకకు వాడే గుండు మెత్తగా ఉండాలి, గోరు నొక్కితే దిగాలి. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకోవాలి, జింక నాలుగడుగుల్లో కూలిపోవాలి. గట్టిదైతే సూదిలా ఇటు దూరి అటు పోతుంది. ప్రాణం పోవడం పోతుంది, కానీ మెల్లగా, ఎక్కడో దూరంగా. డాక్టర్ గారికి ఒకటే నియమం. దానికి నొప్పి తెలిసేలోపు అయిపోవాలి. అది చేతకాని రోజు రైఫిల్ పట్టకూడదు.

తొమ్మిదేళ్ళ కిందట ఎండాకాలంలో, చేపలు పట్టే మిత్రుల ముందు గొప్పలకు పోయి, ఆయన నా దగ్గర ఉంచిన మెత్తసీసమంతా గాలాలకు కట్టే గుండ్లుగా పోసి పంచిపెట్టేశాను. వేటకు వారం ముందు చూస్తే డబ్బా ఖాళీ! మిగిలిందల్లా పాత సామాన్ల సంతలో కొన్న ప్రింటింగ్ ప్రెస్ సీసపు అక్షరాలు. అది మహా గట్టి లోహం, మెత్తసీసంలో చిటికెడు కలపాలంతే. నేను మొత్తం కుమ్మరించాను. బడిలో నన్ను ఏడిపించిన అక్షరాలు కళ్ళ ముందే కరిగిపోతుంటే ఎంత సంబరపడ్డానో! గుండ్లు అద్దాల్లా వచ్చాయి. ఒకదాని మీద గోరు నొక్కాను. దిగలేదు.

తెలుసు. అప్పుడే తెలుసు. "సీసం అయిపోయిందండీ" అని ఒక్క ఫోను చేయడానికి నాకేం అడ్డొచ్చింది? ఆయన తిడతారనా? కాదు, ఆయన తిట్టరు. ఇంకెప్పుడూ "మావాడు" అనరేమో అని.

వేటకు ఆయన వెంట నేనూ వెళ్ళాను. తెల్లటి మంచు, దేవదారు చెట్ల మధ్య నుంచి కొమ్ముల జింక! ఊపిరి పొగలా వదులుతూ వచ్చి మాకు అడ్డంగా నిలబడింది. డాక్టర్ గారు రైఫిల్ ఎత్తారు. పేల్చారు. జింక ఎగిరి దూకి పరుగు తీసింది. మంచు మీద నాలుగు నెత్తుటి చుక్కలు, అంతకంటే లేవు. ఇంతలో మంచు కురవడం మొదలై అవీ కప్పుకుపోయాయి. మధ్యాహ్నం దాకా వెతికాం. చివరికి ఆయన ఒక మొద్దు మీద కూలబడ్డారు.

"ఏరా, సీసం ఎప్పటిదేనా?"

"సీసం అదే డాక్టర్ గారూ. చేతులే మారాయి!"

నవ్వాను. ఆయనా నవ్వారు. తర్వాత గ్లవ్స్ తీసి రెండు చేతులూ చాలాసేపు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళు మనుషుల ప్రాణాలు పట్టుకున్న చేతులు.

నా సెలవు రోజున ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. వాగు అవతల కాకులు అరుస్తున్నాయి. మేము ఇవతలే వెతికాం. జింక అక్కడుంది. భుజం వెనక, ఎక్కడ తగలాలో సరిగ్గా అక్కడ, చిటికెన వేలంత రంధ్రం. అటువైపు కూడా అంతే రంధ్రం. ఆయన గురి వెంట్రుకవాసి కూడా తప్పలేదు! ఆ అడవిలో ఒంటరిగా కేక పెట్టాను, నిజం. ఫోన్ తీశాను. సిగ్నల్ ఉంది. లేదని మీతో అబద్ధం చెప్పొచ్చు, కానీ ఉంది. ఆయన పేరు మీద వేలు పెట్టాను. ఆ వేలు తీసేశాను.

మరుసటి నెల కాగితాలన్నీ మార్పించి ఆ రైఫిల్ నాకిచ్చేశారు. "నీ దగ్గర ఉండనీరా, నాకిక వద్దు" అన్నారు. తీసుకున్నాను. సిగ్గులేకుండా థాంక్స్ కూడా చెప్పాను. కొన్నాళ్ళకు కారు తాళాలు వాళ్ళావిడకి ఇచ్చేశారు. ఆ తర్వాత టీ కప్పు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టారు. నేను దగ్గరుండి ఎన్నోసార్లు చూశాను. ఆ చేతులు వణకవు. ఒక్కసారి కూడా వణకడం చూడలేదు. వణుకుతాయేమో అని ఆయనే వాటిని నమ్మడం మానేశారు. చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ నా నోటి నుంచి ఒక జోకు ఊడిపడింది. ఆయన నవ్వారు. నేను ఇంటికొచ్చేశాను.

ఆయన క్షమిస్తారా? ఇది చదివినా క్షమించకపోవచ్చు. మీరు క్షమించినా నాకు పనికిరాదు, నమ్మకం పోయిన చేతులు మీవి కావు. నాకు కావలసింది ఒక్కటే, ఆ మాటను జోకు తగిలించకుండా ఒక్కసారి పూర్తిగా రాయడం. ఇదిగో, రాస్తున్నాను.

డాక్టర్ గారూ, చేతులు మారలేదు. సీసమే మారింది. మార్చింది నేను.