తెర దగ్గర విడిచిన చెప్పులు

విమానంలో ముందు తరగతికీ వెనక తరగతికీ మధ్య ఒక తెర ఉంటుందని విమానం ఎక్కకముందే చదివాను. నిజామాబాద్ గ్రంథాలయంలో, అట్ట ఊడిన ఒక ప్రయాణ మర్యాదల పుస్తకంలో. ముందు కూర్చున్నవాడు వెనకనున్న స్నేహితుణ్ని చూడటానికి ఎప్పుడైనా రావచ్చు, వెనకవాడు మాత్రం పిలవనిదే తెర దాటకూడదు అని అందులో ఉంది. పదో తరగతి తప్పినవాణ్ని. నాకు తెలిసిందంతా ఆ గ్రంథాలయం బల్లల దగ్గరే తెలిసింది. అందుకే ఆ నియమాన్ని గర్వంగా గుర్తుపెట్టుకున్నాను.

తొంభైల్లో ఢిల్లీలో చెరుకు రైతుల సభకు నన్నూ నా మిత్రుణ్నీ పిలిచారు. రుద్రూర్ దగ్గర ఒకే గట్టుకు అటు ఆయన పొలం, ఇటు నా పొలం. చిన్నప్పటి నుంచీ ఒకే కాలువలో ఈదినవాళ్లం. ఆయన మా రైతు సంఘం అధ్యక్షుడు కాబట్టి ముందు సీటు. ఆయన చదవబోయే ఉపన్యాసం రాసిచ్చిన నాకు వెనక సీటు. హైదరాబాదు బస్సు ఇందల్వాయి దాటుతుండగా పుస్తకంలోని నియమం ఆయనకు చెప్పాను. పెద్దగా నవ్వాడు.

"నీ బుక్కులు పాడుగాను! మనిద్దరి నడుమ తెరేందిరా? విమానం లేవంగనే నా తానికి రా. వదినె చేసిన సకినాలు పట్టుకరా, కలిసి తిందాం."

ఇంకేం, పిలుపు అందింది. విమానం లేచి బెల్టు దీపం ఆరగానే సకినాల పొట్లంతో ముందుకు నడిచాను. తెర దగ్గర చెప్పులు విడిచాను. ఎవరింటికి పోయినా గడప బయట విడుస్తాం కదా. ఆలోచించి చేసిన పని కాదు. ఆ సంగతి పుస్తకంలోనూ లేదు.

మిత్రుడు వాళ్లిచ్చిన వేడి తువ్వాలుతో మెడ తుడుచుకుని, చొక్కా గుండీలు విప్పి చంకలు తుడుచుకుంటున్నాడు. తెల్ల తువ్వాలు నల్లగా అయింది. దాన్ని పళ్లెం పక్కనే పడేశాడు. పక్క సీటులో బంగారు ఫ్రేము కళ్లద్దాల ఆయన నా వట్టి కాళ్లనూ పగిలిన మడమలనూ చూసి, మిత్రుడి వైపు తిరిగాడు.

"ఎవరండీ? మీ స్నేహితులా?"

"అబ్బే, మా దగ్గర పని చేస్తాడండీ."

అంత మెత్తని గొంతు ఆయనకుందని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత నా వైపు వంగి తన అసలు గొంతుతో అన్నాడు.

"చెప్పులు గాడ ఇడిసినవా? ఇజ్జత్ తీస్తివి గదరా! గా పొట్లం తియ్యకు, నూనె వాసనొస్తది. ఇగో, ఇది తిను. పో."

నా చేతిలో ఆయన కొరికిన కేకు ముక్క. పంటి గాట్ల చుట్టూ తడి.

తెర ఇవతల నా చెప్పు ఒకటి తిండి బండి చక్రానికి అడ్డం పడి ఉంది. విమానం అమ్మాయి దాన్ని రెండు వేళ్లతో పట్టి నాకందించి, ఆ వేళ్లు తుడుచుకుంది. సీటుకు వచ్చి కేకును వాంతి సంచిలో వేశాను.

అరగంట తర్వాత తెర తొలగించుకుని ఆయనే వచ్చాడు. నా సీటు చేతి మీద కూర్చుని పొట్లం విప్పాడు.

"ఆడ తిండి సప్పగున్నదిరా. వదినె చెయ్యే చెయ్యి!"

"నేను నీ దగ్గర పని జేస్తున్ననా?" అన్నాను.

"అరె, గా ముచ్చటనా! ఆయనకేం తెలుస్తదిరా, ఊకె మాటకన్న. నువ్వు మనసుల పెట్టుకోకు."

కరకర నములుతుంటే పొడి నా ఒడిలో పడింది. మిగిలిన సకినాలు జేబులో పోసుకుని, నా చొక్కా భుజానికి నూనె చెయ్యి రాసి, వెళ్లిపోయాడు.

నా పక్కనున్న పెద్దమనిషి అడిగాడు, "ఎవరు బాబూ ఆయన?"

ఎవరో తెలియదని చెప్పాల్సింది. మా ఊరాయన అని ఊరుకున్నా పోయేది.

"మా దోస్తు," అన్నాను. "ప్రెసిడెంటు. ముందల కూసుంటడు."

ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. ఆ కేకు మీద కన్నా ఆ మాట మీదే నాకు ఎక్కువ రోత.

ఇప్పటికీ ఆయన గట్టు అవతల నుంచి "ఏం దోస్తూ!" అని కేకేస్తాడు. నేను పలుకుతాను. పలికిన ప్రతిసారీ విమానంలో నేనన్న ఆ మాటే గుర్తొచ్చి రోత పుడుతుంది.