ఎడమవైపు సిగ్నల్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను గుంతకల్లులో లోకో ఇన్‌స్పెక్టరును. డ్రైవర్లతో పాటు ఇంజన్‌లో ప్రయాణించి వాళ్ల పనితీరు చూడడం నా ఉద్యోగం. ఎదురయ్యే ప్రతి సిగ్నల్ రంగునూ డ్రైవరు, అసిస్టెంటు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. మనసులో అనుకుంటే చాలదు. ఈ విషయంలో నా నోరు మంచిది కాదని పేరు.

డ్రైవరు ఓబులేసు గొంతు ఇంజన్ మోతలోనూ ఖంగుమనేది. ఆ రోజు తాడిపత్రి నుంచి గూడ్సు బండిలో అతనితో వస్తున్నాను. అసిస్టెంటు "రెడ్" అన్నాడు. ఓబులేసు నేరుగా ముందుకే చూస్తూ, "యాడప్పా?" అన్నాడు. అసిస్టెంటు ఎమర్జెన్సీ బ్రేకు వేయబట్టి బతికిపోయాం. తిట్టబోయి, అతని ముఖం చూసి ఊరుకున్నాను. అంత పెద్ద ఎర్రదీపం అతని వరకు నిజంగానే లేదు.

కళ్లలో లోపం లేదన్నారు డాక్టర్లు. స్కానింగులో మెదడు కుడిభాగాన క్యాన్సర్ గడ్డ బయటపడింది. కళ్లు చూస్తూనే ఉంటాయి గానీ, ఎడమపక్క అనేది ఒకటుందని మెదడు మరిచిపోతుందని ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పాడు.

కొన్ని నెలలకు, ఒక సాయంత్రం అతన్ని చూడడానికి వెళ్లాను. ఊరి చివర, పట్టాలకు దగ్గరి ఇల్లు. వానల్లేక శెనక్కాయ వేయని చేలు తప్ప చుట్టూ ఏమీ లేదు. ఓబులేసు మంచం మీద కూర్చుని సంగటి తింటున్నాడు. పళ్లెంలో కుడిసగం ఖాళీ, ఎడమసగం ముట్టనే లేదు. ఇంకా ఆకలంటున్నాడు. ఎడమ చెయ్యి పట్టు తప్పడంతో భార్య సుంకమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని అటువైపే కూర్చుంది. నేను కుడివైపు స్టూలు మీద కూర్చున్నాను.

అతను నావైపు వంగి, గొంతు తగ్గించాడు. "మా సుంకమ్మ లేదు సార్. పోయినట్లుండాది. గొంతొకటే ఇంట్లో తిరుగుతాండాది."

"నేను ఈడనే ఉండా కదా," అంది సుంకమ్మ.

అతను నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఇన్నారా సార్?"

మనిషి మూరెడు దూరంలోనే ఉంది. అయినా ఒక్క క్షణం నాకూ ఆ గొంతు గోడలోంచి వచ్చినట్టే అనిపించింది.

పొద్దుగూకితే తనను వెతుక్కుంటూ పట్టాల మీదికి పోతున్నాడని సుంకమ్మ చెప్పింది. గడియ పెడితే తలుపు బాదుతాడు. ఈడనే ఉండానని ఎంత అరిస్తే అంత బెదిరిపోతాడు. ఏదో ఒక రోజు బండి కింద పడతాడేమోనని ఆమె భయం.

మన రైల్వేలో సిగ్నళ్లు మామూలుగా పట్టాలకు ఎడమవైపే ఉంటాయి. ఆ రోజు అతనికి లేకుండా పోయిన దీపమూ అటువైపుదే. అది గుర్తుకొచ్చి నేను లేచి, ఆమెను నా స్టూలు మీద కూర్చోమన్నాను. ఆమె మంచం చుట్టూ తిరిగి వచ్చి కూర్చుంది. ఓబులేసు చాలాసేపు చూశాడు.

"ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే," అంది సుంకమ్మ. నవ్వబోయి ఏడ్చేసింది.

అప్పటినుంచి ఆమె ముందు కుడివైపు కనబడి, ఆ తర్వాతే ఎడమ చెయ్యి పట్టుకునేది. అన్నం సగమయ్యాక పళ్లెం తిప్పేది. పట్టాల వైపు పోవడం మానేశాడు. జబ్బు మాత్రం ముదిరింది. చివరి రోజుల్లో నేను వెళ్లినప్పుడు, కుడిపక్క కూర్చున్న ఆమెతోనే రహస్యంగా అన్నాడు: "ముందు ఎవురో నా చెయ్యి పట్టుకోని ఉండిరి. యాడికి పోయినారో."

సుంకమ్మ ముందుకు వంగింది. అతని మీదుగా చెయ్యి చాచి, ఆ ఎడమ చేతిని పట్టుకుంది.

సిగ్నల్ కనబడని డ్రైవరుతో సిగ్నల్ ఉందని వాదించి లాభం లేదు. ముందు బండి ఆపాలి. తర్వాత అతనికి కనబడే వైపు వెళ్లి నిలబడాలి. మొదటిది నేను చాలామందికి నేర్పాను. రెండోది ఆ ఇంట్లో నేర్చుకున్నాను.