పుల్లలా, పేలికలా

మావయ్య పోయారని మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను సాల్ట్ లేక్‌లో, ఆఫీసు మీటింగులో ఉన్నాను. "చిన్నాన్న పోయేడు. టీ అడిగేడంట. అక్క కలిపి తెచ్చేసరికే అయిపోనాది" అంది. సరేనని ఫోన్ పెట్టేసి, నా వంతు రాగానే నా పని ఎంతవరకు వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పేసి బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చున్నాను. ఆయన ఇంకో రెండు వారాలాగి వెళ్ళి ఉంటే బాగుండేదనిపించింది. గద్దలు గూళ్ళకి పుల్లలు తెచ్చుకునే రోజులు అప్పుడే మొదలయ్యాయి.

నాది ఖమ్మం. మా ఆవిడ షాలిమార్ గూడ్స్ యార్డు పక్కన పుట్టి పెరిగిన శ్రీకాకుళం పిల్ల, ఇప్పుడు రైల్వేలో టికెట్లిచ్చే ఉద్యోగం. ఆమె ఉద్యోగం పుణ్యాన ఇక్కడ బెంగాల్లో, సంత్రాగాఛిలో మాకు క్వార్టరిచ్చారు. పక్క క్వార్టర్ కూడా రైల్వేలో చేసే ఓ అక్కది. ఆ అక్క వాళ్ళ నాన్న రైల్వేలోనే రిటైరైన మనిషి, ఆయన్ని మా ఆవిడ మొదటిరోజే చిన్నాన్నని చేసేసుకుంది. ఆ లెక్కన నాకాయన మావయ్య, నేను అల్లుణ్ణి. వరస కలిసిన మర్నాటి నుంచే వేళాకోళం మొదలెట్టేశారు. నేను లాప్‌టాప్ ముందు కూర్చుంటే గుమ్మంలో నిలబడి, "ఏటి బాబూ, ఇయాల కూడా ఆ పెట్టెలోకే తొంగి సూత్తన్నావా?" అనేవారు.

రైళ్ళకు కరెంటు అందించే పైతీగల పని ఆయనది. ముప్పై ఏళ్ళు స్తంభాల మీదే బతికారు. ఆ పనిలో చలికాలం వస్తే ఇంకో పని కూడా తగులుతుంది, గద్దల గూళ్ళు దింపడం. పట్టాలకు అడ్డంగా వేసిన ఇనుప దూలాల మీద గద్దలు గూడు కడతాయి. పుల్లలతో పాటు ఎక్కడెక్కడి తీగముక్కలూ తెస్తాయి. ఒక్క ముక్క వేలాడి కరెంటు తీగకు తగిలిందా, రైళ్ళు ఆగిపోతాయి, గద్ద మాడిపోతుంది. కాబట్టి దింపాల్సిందే. అయితే ఎప్పుడు దింపాలన్న దానికి మావయ్య దగ్గర ఒక పద్ధతి ఉండేది.

"పుల్లల మీదున్నప్పుడే దింపీయాల. అప్పుడు దింపితే దానికి కోపమే గానీ కడుపుకోత నేదు. ఇంకోకాడ కట్టుకుంతాది. మెత్తగా గుడ్డపేలికలెట్టడం మొదలెట్టిందంటే మటుకు గుడ్డు దగ్గిరికొచ్చినట్టే. ఇంక గూడు మీద సెయ్యెయ్యకూడదు. కరెంటాపించి, ఏలాడే తీగలు మటుకు లాగీసి దిగిపోవాల" అనేవారు.

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఆయన దగ్గర పని నేర్చుకున్న బెంగాలీ సూపర్‌వైజరు, ఈయన రిటైరయ్యాక కూడా చలికాలం రాగానే ఫోన్ చేసేవాడు. "కాకా, పుల్లలా, పేలికలా?" అని ఆ రెండు తెలుగు మాటలే ముద్దుముద్దుగా అడిగేవాడు. మావయ్య పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుని మా బ్లాకు మేడెక్కి, ఎదుటి రైల్వే యార్డు కొసన ఉన్న దూలం కేసి చూసి కబురు చెప్పేవారు. గ్యాంగు ఆ మాటను బట్టే కదిలేది.

మొదటి రెండేళ్ళూ నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ఊరికే కాదులెండి, తినడానికి ముడి దొరుకుతుందని; ఇక్కడ మరమరాల్ని అలాగే అంటారు. వాటిలో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి అక్క కట్టిచ్చిన పొట్లం ఆయన స్వెట్టర్ జేబులో ఉండేది. అది తింటూ గద్దల కాపురం చూసేవాళ్ళం. మగదానికి ఆయన పెట్టిన పేరు అల్లుడు, ఆడదానికి అమ్మాయి. ఓ రోజు మగది ఎవరి మేడ మీదనుంచో ప్లాస్టిక్ హాంగరు ఎత్తుకొచ్చింది. ఆడది దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ముక్కుతో కిందికి తోసేసింది. మగది కాసేపు కూర్చుని మళ్ళీ ఎగిరిపోయింది. "సూసేవా, అచ్చం నువ్వే. బజారుకెల్లి ఏదో ఒకటి ఒట్టుకొచ్చీడం, ఆమె సేత సివాట్లు తినడం" అన్నారు మావయ్య. ఆ ముందురోజే నేను ఇక్కడి పటోల్ కాయల బదులు, చూడ్డానికి అలాగే ఉండే దొండకాయలు తెచ్చిన సంగతి మా ఆవిడ గోడవతలికి చేరేసిందన్నమాట.

ఆ రోజుల్లోనే మా పక్కనున్న ఝీల్ అనే పెద్ద చెరువు దగ్గరికి పెద్ద పెద్ద కెమెరాలతో జనం వచ్చేవారు. ఎక్కడో మంచు దేశాలనుంచి వచ్చే బాతుల కోసం. వాళ్ళంతా నీళ్ళకేసి చూస్తుంటే ఈయనొక్కరూ వాళ్ళకి వీపు పెట్టి యార్డుకేసి చూసేవారు. "బాతుల్ని కూడా చూడొచ్చు కదా" అన్నానొకసారి. "సుట్టాల్ని సూడ్డానికి అంతమందున్నారు. ఇంటోళ్ళని ఎవులు సూత్తారు?" అన్నారు.

మూడో ఏడు షుగరు ఆయన చూపు మీద పడింది. దగ్గరివి తెలిసేవి, దూరానివన్నీ పొగమంచే. మోకాళ్ళ వల్ల మేడ మెట్లూ మూతబడ్డాయి. ఒకరోజు నన్ను పిలిచి, ఎన్నడూ లేనిది కాస్త మొహమాటంగా అడిగారు. "బాబూ, పొద్దుట ఒక్కపాలి మేడెక్కి సూసి నాకు సెప్పగలవా? నీ మాట మీద ఆ సూపర్‌వైజరోడికి సెప్తాను." నాకు గర్వంగానే అనిపించింది. అలాగేనన్నాను.

పది రోజులు బుద్ధిగా ఎక్కాను. తర్వాత ఆఫీసులో పని నెత్తి మీదకొచ్చింది. పొద్దున మంచు, పైగా చలి. మా ఆఫీసులో రోజూ ఎవరి పని సంగతి వాళ్ళు చెప్పాలి. చెప్పడానికేమీ లేనప్పుడు "నిన్నటిలాగే ఉంది" అంటే సరిపోతుంది, ఎవరూ గుచ్చి అడగరు. ఆ మాట నాకు ఊపిరంత అలవాటు. మావయ్య గుమ్మం ముందు షూ లేసులు కట్టుకుంటూ అదే అనేశాను.

"నిన్నటిలాగే ఉంది మావయ్యా. పుల్లలే."

అలా ఆరు రోజులు చెప్పాను. ఆరు రోజులూ మేడెక్కలేదు.

ఏడోరోజు కరెంటాపడానికి అనుమతి దొరికాక గ్యాంగు వెళ్ళి గూడు దింపింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మావయ్య వరండాలో కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. అవతల సూపర్‌వైజరు. గూట్లో పేలికలున్నాయట, వాటి మీద రెండు గుడ్లున్నాయట. పైనున్నవాడు చూసుకునేలోపే గూడు ఒరిగిపోయిందట. "తప్పు నాదే బాబా, నా కళ్ళు పాడైపోనాయి" అని మావయ్య బెంగాలీలో చెబుతున్నారు. నేను ఆయన ముందునుంచే నడిచి ఇంట్లోకి పోయాను. ఆ మాట అలా ఆయన మీదే ఉండనిచ్చాను. నా జీవితంలో అంత పిరికిపని ఇంకోటి చేయలేదు.

మర్నాడు పొద్దున వెళ్ళి, మేడెక్కలేదని చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. నువ్వు మెట్లెక్కితే నీ సెప్పుల సప్పుడు నా గదిలోకి ఇనిపిస్తాది. ఆరు దినాలు ఇనపడ్నేదు."

"మరి తెలిసీ ఎందుకు చెప్పారు వాళ్ళకి?"

"ఆపీసుకెల్తా యార్డు బ్రిడ్జి మీదనుంచి సూత్తన్నావనుకున్నాను. సూడకుండా సెప్తావనుకోనేదు బాబూ."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నేను తల దించుకుని కూర్చుంటే, "సూస్తే సూసేనను. సూడకపోతే సూడ్నేదను. ఆ రెండో మాటకి కూడా నానేం కోప్పడిపోను. ఇంకోలిని పంపించీవోణ్ణి" అన్నారు. అంతటితో ఆ సంగతి వదిలేశారు. ముడి పొట్లం విప్పి నా చేతిలో పెట్టారు. నేను ఎలా తిన్నానో నాకే తెలియదు.

ఆయన్ని ఏదో విధంగా మళ్ళీ నవ్వించాలని ఓ ఆదివారం ఫోన్లో అమెరికా తెల్లతల గద్దల జంటను చూపించాను. గూటి పక్కనే కెమెరా పెట్టి ప్రపంచమంతటికీ చూపిస్తున్నారు. మావయ్య ఫోన్ ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూశారు. ఆడది ఒక పుల్ల పెట్టి, కాదని తీసి, మళ్ళీ పక్కన పెడుతోంది. "తల నెరిసినా కాపురం కొత్తదే పాపం" అని నవ్వారు. ఆ తర్వాత, "ఈళ్ళ గూటి కింద రైలు నేదు. అదుట్టం. ఎవులూ ఏటీ తేల్సక్కర్నేదు" అని ఫోన్ నాకిచ్చేశారు.

ఆ పై చలికాలం, అంటే పోయిన ఏడు, మళ్ళీ నన్నే అడిగారు. ఇంకెవరినైనా అడగండి అన్నాను. "ఇంకెవులైనా అయితే మళ్ళీ మొదట్నుంచీ నేర్పాల. నువ్వు నేర్సుకునున్నావు" అన్నారు. అంతకంటే పెద్ద క్షమ నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ చలికాలమంతా ఒక్కరోజు మానలేదు.

ఆయన్ని సాగనంపి వచ్చిన నాలుగోరోజు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. చాలాసేపు కాకా గురించే మాట్లాడాడు. చివరికి, అదే దూలం మీద మళ్ళీ గూడు కనిపిస్తోంది, ఏం చేయమంటారు అన్నాడు. ఈసారి అడిగింది నన్నే. మధ్యలో ఇంకెవరూ లేరు.

పొద్దున మేడెక్కాను. మంచు విడిచేదాకా రెండు గంటలు నిలబడ్డాను. ఆ రోజు ఆఫీసుకి రావట్లేదని చెప్పేశాను. ఆడది దూలం మీద కూర్చుని పుల్లలు సర్దుతోంది. మగది ఐదుసార్లు వచ్చింది, ఐదుసార్లూ పుల్లే తెచ్చింది. ఒక్క పేలిక లేదు. అక్కడొక గుడ్డపీలిక కనబడితే బాగుండునని, ఉండనివ్వండి అని చెప్పేయొచ్చని ఎంత వెతికానో. లేదు. ఫోన్ చేసి, "పుల్లలే. చూశాను. దింపేయండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మధ్యాహ్నం, మనుషుల్ని పైతీగల దాకా ఎత్తే టవర్ వ్యాగన్ వచ్చింది. కరెంటాపి, ఇద్దరు మనుషులెక్కి, పుల్లలన్నీ గోనెసంచిలోకి దింపుకుని వెళ్ళిపోయారు. పావుగంట పని. ఆడది కీచుమంటూ పైన తిరిగి, మనుషులు వెళ్ళాక వట్టి దూలం మీద వచ్చి కూర్చుంది. అప్పుడొచ్చింది మగది, కాళ్ళలో ఒక పొడుగాటి పుల్ల పట్టుకుని. దించడానికి చోటు లేదు. ఆ పుల్లతోనే యార్డు మీద ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టులో ఆడది లేచి ఝీల్ వైపు చెట్లకేసి ఎగిరింది. మగది పుల్ల వదల్లేదు. దాని వెనకాలే వెళ్ళింది.