చెత్త లేని ఇంటికి చెత్త బకాయి

ఇంటిపన్ను కట్టడమంటే మా అత్తయ్యకు పండగ. తిరుపతిలో మేముంటున్న ఇల్లు ఆమె పేరున ఉంది, వాళ్ళ నాయన ఇచ్చింది. బిల్లు రావడం ఆలస్యం, వీధిలో అందరికంటే ముందు కట్టెయ్యాలన్న పంతంతో జరీ అంచు చీర కట్టుకుని నన్ను స్కూటరు తీయమనేది. కట్టి వచ్చాక గానీ కాఫీ ముట్టేది కాదు. అలాంటి మనిషి ఆ ఏడు బిల్లు చూసి నా వైపు విసిరేసింది.

"ఇదేంది మే? చెత్త బకాయంట! మన ఇంట్లో చెత్త యాడుండాది?"

ఇంటిపన్ను కింద కొత్తగా ఒక వరుస చేరింది. ఇంటింటికీ బండి తిప్పి చెత్త తీసుకెళ్తున్నందుకు నెలనెలా ఇంత అని కట్టమన్నారు. వసూలుకు వచ్చినవాళ్ళని అత్తయ్య ప్రతిసారీ గుమ్మంలోంచే పంపేసింది. మాలాగే ఊళ్ళో చాలామంది కట్టలేదు. వేరుగా అడిగితే ఎవరూ ఇవ్వడం లేదని ఆ బకాయిలన్నీ తెచ్చి ఇంటిపన్నులో కలిపేశారు. ఇప్పుడు అది కట్టకపోతే ఇంటిపన్నూ కట్టనట్టే. వీధిలోవాళ్ళు సణుక్కుంటూ కట్టేశారు. అత్తయ్య ససేమిరా అంది.

"పోనిద్దురూ అత్తయ్యా, సినిమా టిక్కెట్టంత కూడా ఉండదు" అన్నాను.

"లేనిదానికి కడితే ఉండాదని ఒప్పుకున్నట్టే గదా?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె అన్నది అబద్ధమని మాత్రం అనలేను. కూరగాయల తొక్కలూ అరిటాకులూ వీధిలో తిరిగే ఆవులకు పోయేవి. స్వామికి పెట్టిన పూలు ఎవరి కాలి కిందా పడకూడదని పెరట్లో పారిజాతం చెట్టు మొదట్లో గుంత తీసి కప్పేది. కొబ్బరి చిప్పలు వేణ్ణీళ్ళ పొయ్యిలోకి, ఆ బూడిద అంట్లలోకి. పాల కవర్లు కడిగి, ఆరేసి, పాత పేపర్లతో పాటు అమ్మేసేది. హోటల్ నుంచి ఇడ్లీ తేవాలన్నా మా ఆయన గిన్నె పట్టుకుని పోవాల్సిందే. అయిపోయిన టూత్‌పేస్టు గొట్టాన్ని మాత్రం ఆయన ఆఫీసు సంచీలో దాచుకెళ్ళి అక్కడ పడేసి వచ్చేవాడు. నావి కొన్ని నేనూ బయటికి చేరవేసేదాన్ని, ఆ సంగతి ఇక్కడ వద్దు. అత్తయ్య రాజ్యంలో మేమిద్దరం దొంగలం, అంతే.

చివరికి నా చేత అర్జీ రాయించింది. మా ఇంట్లో చెత్త లేదు, నమ్మకపోతే వచ్చి చూసుకోండి అని. నవ్వాపుకుంటూ రాసి వార్డు సచివాలయంలో ఇచ్చి వచ్చాను. ఎవరూ పట్టించుకోరనుకున్నాను. కొన్నాళ్ళకు పారిశుద్ధ్యం చూసే ఉద్యోగి ఒకాయన నిజంగానే వచ్చాడు.

అత్తయ్య అతన్ని వంటింటి నుంచి మొదలుపెట్టి ఇల్లంతా తిప్పింది. అతనూ విసుక్కోలేదు.

"మాది ఐరాల పక్కమ్మా. మాయమ్మ కూడా ఇట్టనే, అన్నీ దిబ్బలోకే ఏస్తాది" అన్నాడు.

ముందుగదిలో మంచం మీద మామయ్య ఉన్నారు. గుళ్ళో స్వామి వంటశాలలో పనిచేసిన మనిషి. తెల్లవారకముందే తడిపంచె కట్టుకుని, నీళ్ళు మోసి, ప్రసాదాలు వండేవారు. పక్షవాతం వచ్చాక మాట లేదు, లేవడం లేదు. అన్నీ మంచం మీదే. ఆయన్ని చూసి ఆ ఉద్యోగి చేతులు జోడించి, పెరట్లోకి నడిచాడు. అక్కడ దండెం నిండా తెల్లటి గుడ్డ ముక్కలు ఆరేసి ఉన్నాయి.

"ఇన్ని గుడ్డలేందమ్మా?"

"మా ఆయనవి. పాత పంచెలు చించినాను."

అతను గొంతు తగ్గించాడు. "మందుల షాపులో డైపర్లు దొరకతాయి గదమ్మా. వాడేసి, కవర్లో కట్టి బండికిచ్చేస్తే సరిపోతాది. ఈ వయసులో మీకెందుకింత కష్టం?"

అత్తయ్య కోప్పడుతుందనుకున్నాను. ఆమె దండెం మీది గుడ్డనొకదాన్ని సరిచేస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ఈ పంచెలు కట్టుకోనేనప్పా ఆయన స్వామికి వండి పెట్టింది. వీటిని చెత్తబండికి ఏసేదా? ఆయనది ఏదీ చెత్త గాదు."

ఫోటో తీయడానికి బయటికి తీసిన ఫోను అతను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఏదో రాసుకుని, వస్తానమ్మా అని వెళ్ళిపోయాడు.

రోజూ పొద్దున బండమీద గుడ్డలుతికే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. అది విని, ఇంకాసేపు పడుకోవచ్చులే అని పక్కకి తిరిగేదాన్ని. మామయ్య గదిలోకి ఎవరొచ్చినా సాంబ్రాణి వాసనే గానీ ఇంకో వాసన ఉండేది కాదు. అదంతా ఎలా జరుగుతోందో కళ్ళ ముందే ఉన్నా, ఆ బిల్లుకీ దీనికీ ముడి ఉందని నాకు తట్టలేదు. బండికి ఒక్క కవరు అందించినా, ఆయన్ని చూసుకోవడం తన వల్ల కాలేదని వీధి వీధంతా చెప్పినట్టేనని ఆమె లెక్క. వేళ్ళు వంకర్లు తిరిగిన ఆ చేతుల వైపు చూశాను. గర్భగుడి ముందు నిలబడినప్పుడు కూడా నాకు అంత భయం, అంత భక్తి కలిగిందని చెప్పలేను.

"రేపటి నుంచి నేను ఉతుకుతాను అత్తయ్యా" అన్నాను.

"నువ్వు ఉజ్జోగానికి పో. నాకు చాతనైనన్నాళ్ళు నేనే."

వానలు మొదలయ్యాక ఆ బండ దగ్గరే కాలుజారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేసిన డాక్టరు చేతిని నీళ్ళలో పెట్టొద్దన్నాడు. నేనూ మా ఆయనా వంతులేసుకుని ఉతికాం. ముసురు పట్టి గుడ్డలు ఆరలేదు. ఫ్యాను కింద వేసినా, ఇస్త్రీ పెట్టినా చెమ్మ పోలేదు. అత్తయ్య రెండు చేతుల పనికి మా నాలుగు చేతులూ చాల్లేదు. ఒకరోజు మామయ్యను పక్కకి తిప్పినప్పుడు నడుము దగ్గర చర్మం ఎర్రగా కందిపోయి కనిపించింది. అత్తయ్య దాన్ని ఎడమచేత్తో మెల్లగా తడిమింది. ఆయన ముఖంలోకి చూడలేదు.

"అవి తెప్పించు మే" అంది. వాటి పేరు పలకలేదు.

మర్నాడు పొద్దున వీధి చివర చెత్తబండి పాట వినబడగానే నేను కవరు తీసుకుని బయల్దేరాను. అత్తయ్య నా చేతిలోంచి లాక్కుని తనే వెళ్ళింది. బండి దగ్గర ఉండే ఆమె, ఎన్నడూ బండి దగ్గరికి రాని మా అత్తయ్యను చూసి కంగారుపడి, "ఈడియ్యండమ్మా" అని చెయ్యి చాపింది. కవరు అందుకోబోయేసరికి అత్తయ్య దాన్ని వెంటనే వదల్లేదు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత వదిలింది.

ఆ రోజే సచివాలయానికి తీసుకెళ్ళమంది. అక్కడ ఆ ఐరాల ఆయన మమ్మల్ని చూసి సంతోషంగా లేచాడు.

"మీకే ఫోన్ చేద్దామనుకుంటా ఉండానమ్మా. మీ అర్జీ ఒప్పుకున్నారు. మీ ఇంట్లో చెత్త లేదని నేనే రాసిచ్చినా. బకాయి కొట్టేసినారు. ఇంటిపన్నొకటి కట్టండి సాలు."

వీధి మొత్తం ఓడిపోయిన చోట మా అత్తయ్య గెలిచింది. వేరే రోజైతే ఊరంతా చాటేది. ఆమె కుర్చీలో కూర్చుని, కట్టు వేసిన చేతిని బల్లమీద పెట్టుకుంది.

"నువ్వు రాసింది అప్పటికి నిజమేనప్పా. ఇప్పుడు ఉండాది. ఈ నెల నుంచి రాసుకో."

"ఎవురడగతారమ్మా? ఒకసారి తీసేసినాక మళ్ళా ఎందుకు?"

"బండికాడ ఆ పాప వట్టి చేతుల్తో ఎత్తుకోని పోతా ఉండాదప్పా. ఆయనది ఊరికే మోయిస్తానా?"

కొంగు ముడి ఎడమచేత్తో విప్పబోయింది. రాలేదు. నేను సాయం పట్టబోతే చెయ్యి తోసేసి, పంటితో లాగి విప్పింది. నోట్లు బల్లమీద పరిచి, ఇంటిపన్నుతో పాటు ఆ నెల చెత్త డబ్బులూ కట్టింది. అప్పుడు గానీ ఆమె కళ్ళు నిండలేదు. అతను తల వంచుకుని రసీదు రాస్తున్నాడు. నేను ఆమె వెనక, గుళ్ళో నిలబడ్డట్టు, చేతులు కట్టుకుని నిలబడ్డాను.