లక్క లేని త్రాసు

ముప్పై తొమ్మిదేళ్లు వచ్చేదాకా కితాని మసుయెకు ప్రయోగశాల అంటే ఏమిటో తెలియదు. ఆమెకు తెలిసిందల్లా దారం. క్యోటోలో నిషిజిన్ పేటలో పట్టు నేసే ఇంట పుట్టి, పదకొండో ఏట మగ్గం ముందు కూర్చుంది. మూడు వేల పోగుల పడుగులో ఒక్కటి తెగినా చేత్తో తడిమి పట్టుకునేది. యుద్ధానికి వెళ్లిన భర్త తిరిగి రాలేదు. మగ్గాలు చాలావరకు మూలపడ్డాయి. ఏం చేయాలో తోచక, కామో నది అవతల సుజిమురా అనే పెద్దాయన కార్ఖానాలో గాజు సామాను తుడిచే పనికి చేరింది.

సుజిమురా ప్రయోగశాలలకు త్రాసులు చేసేవాడు. మనిషి మంచివాడే, నోరే కాస్త దురుసు.

ఆ చలికాలంలో, పట్టుపురుగుల మీద పరిశోధన చేసే హమసాకి కియొ అనే ఆవిడ కార్ఖానాకు వచ్చింది.

"గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పురుగుని తూచాలండీ. ఒక్కదాన్ని."

సుజిమురా నవ్వాడు. "వంద పురుగుల్ని కలిపి తూచి, వందతో భాగించుకోరాదటమ్మా?"

"అప్పుడు ఏది బతికిందో, ఏది ఎందుకు చచ్చిందో నాకెలా తెలుస్తుందండీ? లెక్కలో పురుగు నాకొద్దు. ఈ పురుగు కావాలి, దాని బరువు రోజూ కావాలి."

పక్కనే సీసాలు తుడుస్తున్న మసుయెకు ఆ మాట నచ్చింది.

సుజిమురా ఒప్పుకున్నాడు. సన్నని తీగను అడ్డంగా బిగించి, దాని నడుమ చిన్న కాడ అతికిస్తే, కాడ చివర పెట్టిన బరువుకు తీగ మెలిపడుతుంది. ఆ మెలిని బట్టి బరువు చెప్పవచ్చు. లోహపు తీగ అయితే ఒకసారి మెలిపడ్డాక పూర్తిగా వెనక్కి రాదు. స్ఫటికపు తీగ వస్తుంది. దాన్ని తీయడానికి ఒక పాత పద్ధతి ఉంది. స్ఫటికపు కడ్డీ కొసను వెదురు బాణానికి కట్టి, కడ్డీని మంటలో కరగబెట్టి, బాణం వదలాలి. కార్ఖానా ఉన్న ఇల్లు ఇరుకైనా, వీధి నుంచి పెరటిదాకా పొడుగ్గా ఉండేది. బాణం వెళ్లి చివరి గోడలో దిగింది. తీగ మాత్రం ఎవరికీ కనబడలేదు.

పనివాళ్లు నేలంతా వెతికారు. మసుయె చీపురు పక్కన పెట్టి, కుడిచేతి వేళ్లను గాలిలో మెల్లగా జరుపుకుంటూ నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇదిగోనండీ, ఇక్కడుంది."

"ఏదీ? నాకేం కనబడదే!"

"నాకూ కనబడదండీ. తగులుతోంది."

మర్నాటి నుంచి ఆమెకు తీగల పని అప్పగించి, సీసాలు తుడిచే పనికి సుజిమురా వేరే మనిషిని చూసుకున్నాడు.

వసంతంలో త్రాసు ప్రయోగశాలకు చేరింది, బాగానే పనిచేసింది. వానలు పట్టుకోగానే హమసాకి మొహం వేలాడేసుకుని వచ్చింది. పొద్దున సున్నా దగ్గరున్న ముల్లు మధ్యాహ్నానికి అక్కడ ఉండడం లేదట.

సుజిమురా మసుయె వైపు తిరిగాడు. "నీ తీగ కొంప ముంచింది."

"తీగ అలా చెయ్యదండీ."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావ్?"

"వెళ్లి చూసొస్తానండీ," అంది మసుయె.

అన్నం, ఊరేసిన వంకాయ డబ్బాలో పెట్టుకుని అయిదు రోజులు ప్రయోగశాలకు వెళ్లి, త్రాసు ముందు పీట వేసుకుని కూర్చుంది. మొదటి రోజు ఒక పరిశోధకుడు ఆమెను ఊడ్చే మనిషి అనుకుని బకెట్టు చేతికిచ్చాడు. ఆమె గది తుడిచేసి వచ్చి మళ్లీ కూర్చుంది. హమసాకి సిగ్గుతో చచ్చిపోయింది.

"అయ్యో, మసుయె గారూ, మీరెందుకు చేశారండీ?"

"నేల మురికిగానే ఉంది కదండీ," అంది మసుయె.

నాలుగో రోజు వాన తెరిపిచ్చి గాలి వీచింది. ముల్లు దానంతట అదే సున్నా వైపు జరిగింది. అయిదో రోజు మసుయె తడిగుడ్డ తెప్పించి, త్రాసు ఉన్న గాజుపెట్టె తలుపు తీసి, తీగకు ఒక పక్కగా పట్టుకుంది. ముల్లు కదలలేదు. నడుమ, కాడ అతికించిన చోటికి తెచ్చింది. ముల్లు మెల్లగా పాకింది.

"లక్కండీ," అంది మసుయె. "అతకడానికి వాడిన లక్క తేమ తాగుతోంది."

హమసాకి ఊపిరి బిగబట్టి చూసి, "ఇన్నాళ్లూ మీ తీగని తిట్టుకున్నాను, క్షమించండి," అంది.

లక్క లేకుండా స్ఫటికానికి స్ఫటికాన్నే కరిగించి అతకాలి. అయితే మంట తగిలీ తగలకముందే అంత సన్నటి తీగ మాయమైపోయేది. వేసవంతా అదే పని. నలభైకి పైగా తీగలు పోయాయి. సుజిమురా తిట్టడం కూడా మానేశాడు.

ఒక మధ్యాహ్నం బార్లీ టీ తాగుతూ మసుయె పాత మగ్గం సంగతి తలుచుకుంది. పడుగు అయిపోయినప్పుడు కొత్త పోగుల్ని పాత పోగుల కొసలకు ముడివేసి, ముడి పడ్డాకే లాగేవాళ్లు. గ్లాసు కింద పెట్టి లేచింది.

"తీగ తీసి అతకడం కాదండీ. ముందు అతికి, తర్వాత తీగ తియ్యాలి."

లావు కడ్డీ నడుమ కాడను కరిగించి అతికింది. తర్వాత కాడకు అటుపక్క ఒకసారి, ఇటుపక్క ఒకసారి కడ్డీకి మంట చూపించి, చేత్తోనే తీగగా సాగదీసింది.

"చేత్తో లాగితే బాణంతో తీసినంత సన్నగా రాదు," అన్నాడు సుజిమురా.

"పురుగుకి అంత సన్నం అక్కర్లేదండీ."

మేపుల్ ఆకులు ఎర్రబడే వేళకు ఒకటి నిలిచింది. మరుసటి ఏడు వానలు నెలరోజులు పట్టినా ముల్లు సున్నా వదల్లేదు. హమసాకి నూట ఇరవై పురుగుల్ని, పుట్టిన గంట నుంచి గూడు కట్టేదాకా, ఒక్కొక్కదాన్నీ విడిగా తూచింది. పెద్దయ్యే పురుగుల్ని తూచడానికి మసుయె ఇంకా లావు తీగలతో రెండు త్రాసులు చేసి ఇచ్చింది.

"దీనికి నీ పేరు పెట్టమంటావా?" అని అడిగాడు సుజిమురా.

"వద్దండీ బాబూ. విరిగినప్పుడల్లా నన్నే తిడతారు."

ఆయన వినలేదు. పీఠం అడుగున చిన్న అక్షరాలతో కితాని అని చెక్కించాడు. ఆ సంగతి ఆమెకు మూడేళ్లకుగాని తెలియలేదు. ఒక త్రాసు బాగుచేతకు వచ్చినప్పుడు తిరగేసి చూసి, ఆ అక్షరాల్ని వేలితో తడిమింది.

మొదటి త్రాసు నిలిచిన దగ్గర్నుంచి ఇరవై ఏళ్లపాటు వైద్య కళాశాలల నుంచి, రంగుల కర్మాగారాల నుంచి త్రాసులు కావాలని అడుగుతూ వచ్చారు. ఎవరు అడిగినా ముందు వాళ్ల గదికి వెళ్లి మూడు రోజులు కూర్చోనిదే పని మొదలుపెట్టేది కాదు. నిషిజిన్ నుంచి మగ్గాలు పోయిన ఇద్దరు ఆడవాళ్లను పిలిపించి పని నేర్పింది. అరవై ఒకటో ఏట ఒక పొద్దున తీగ లాగబోతే చెయ్యి వణికింది. ఎవరూ గమనించలేదు. ఆమే మంట ఆర్పి, "ఇక మీరు లాగండమ్మా, నేను చూస్తుంటాను," అని లేచి వాళ్లకు చోటిచ్చింది.