రెక్క మీద పిండిచుక్కలు

ఆ కాలంలో తిరుపతిలో యాడ నిలబడి తలెత్తినా కొండ కనబడేది. కొండ కనబడని చోట నేను కనబడేవాణ్ణి, అంత ఎత్తున నడిచేవాణ్ణి మరి. తొంభైల్లో అలిపిరి దారిలో ఒక ప్రైవేటు బడిలో క్రాఫ్టు అయ్యవారిగా చేరి, ఎగ్జిబిషను కోసం పాతకాలపు విమానం నమూనా ఒకటి కట్టాను. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు పన్నెండడుగులు. (సరే, ఆరు. మా ఆవిడ వెనక నిలబడి చదువుతోంది. నాలుగున్నర.)

వెదురుబద్దలతో పక్కటెముకలు పేర్చి, నగరి నుంచి తెప్పించిన పల్చటి తెల్లగుడ్డ పైన బిగించి గంజి పట్టించాను. అసలు విమానాల్లో ఆ గుడ్డను ప్రతి ఎముకకూ దారంతో కుట్టేవాళ్లట. ఆ ముడులు పైకి వరసగా బుడిపెల్లా కనబడతాయి. బొమ్మరెక్కకు సూది వేస్తే గుడ్డ చిరుగుతుంది గనక, ముడులున్నట్టు గమ్ముచుక్కలు పెట్టాలి. అవి లేకపోతే అది విమానం కాదు, దండెం మీద ఆరేసిన పంచె. కరస్పాండెంటు ముందే హెచ్చరించాడు: "చూడప్పా, ఎగ్జిబిషనుకు వొచ్చే పెద్దాయన విమానాలు రిపేరు చేసి రిటైరైనోడు. ఆయన బాగుండాదంటే వొచ్చే ఏడూ నువ్వే. లేదంటే ఎండాకాలం సెలవులకు పోయినోడివి పోయినట్టే."

అందుకని ఊపిరి బిగబట్టి వెయ్యి చుక్కలూ నేనే పెట్టాను. (చెప్పేస్తాను, పెట్టింది మా అవ్వ. నేను గమ్ముసీసా ఒలకబోశాను.) "గమ్ము లేకుంటే ఏమిరా, ఇంట్లో బియ్యప్పిండి లేదా?" అంటూ ఆమె తడిపిండిలో చీపురుపుల్ల ముంచి, రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చేత్తోనే ఎడం తప్పకుండా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. నేను పక్కన కూర్చుని "ఆడ వంకర, ఈడ వంకర" అని పర్యవేక్షించాను. "వంకర నీ మెడకాయలో ఉండాది, సూసుకో" అనింది.

ముగ్గుపిండి ఎవరి తిండికోసం వేస్తారో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ పూట ఇద్దరికీ గుర్తు రాలేదు.

శని, ఆదివారాలు విమానం బడిలో కిటికీ గూట్లో ఉంది, రెక్కల కొసలు రెండూ అటూ ఇటూ గోడలకు ఆని. సోమవారం పొద్దున తలుపు తీస్తే, కొసల మీదుగా చీమలెక్కి పంక్తిభోజనాలు చేస్తున్నాయి. ఊదాను, దులిపాను. కొసల వైపు చుక్క ఒకటుంటే రెండు లేవు. విమానం ఒంటి దగ్గరివి మాత్రం ఒత్తుగా అలాగే ఉన్నాయి. బయట పెద్దాయన జీపు ఆగింది.

ఆయన వంగి, రెక్కను కొస నుంచి ఒంటిదాకా వేలితో తడుముకుంటూ వచ్చాడు.

"ఎవురప్పా ఈ పని చేసింది?"

"నేనే సార్."

"ముందర ఫ్యాను గాలి కొట్టేకాడ కుట్లు ఒత్తుగా ఉండల్ల. కొసకు పోయేకొద్దీ ఎడం పెట్టినా సాలు. కొత్తగా వొచ్చినోళ్లకు ఇది నేర్పేదానికి మా తల ప్రాణం తోకకొచ్చేది. నీకెట్ల తెలిసె?"

"పుస్తకాల్లో చదివినాను సార్." ఒక పుస్తకం కాదు, పుస్తకాలు! అంతటితో నోరు మూసుకోవచ్చు కదా, పిల్లల వైపు తిరిగి గాలి ఒత్తిడి మీద ఉపన్యాసం ఎత్తుకున్నాను. కరస్పాండెంటు మొహం వెలిగిపోయింది. సరిగ్గా అప్పుడే రెక్క కిందనుంచి ఒక చీమ, తన తలకంటే పెద్ద కుట్టును నోట కరచుకుని, తీరిగ్గా పైకి వచ్చింది.

పెద్దాయన చూశాడు. నేను చూశాను. ఆయన కరస్పాండెంటుకు కనబడకుండా అరచెయ్యి దానికి అడ్డం పెట్టి, నా చెవిలో అన్నాడు: "సూడప్పా, నీ మేస్త్రీ ఇంకా డ్యూటీలోనే ఉండాడు." తర్వాత గొంతు పెంచి, "పని బాగుండాది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆ బడిలోనే రిటైరయ్యాను. ఏటేటా పిల్లలకు చెప్పేవాణ్ణి, ఒంటి దగ్గర ఒత్తుగా, కొసన ఎడంగా అని. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం చెప్పలేదు. అవ్వ లేదిప్పుడు, పెద్దాయనా లేడు. పొద్దున్నే నేను వాకిట్లో కూర్చుంటే మా ఆవిడ ముగ్గు మీదికి చీమల వరస బయల్దేరుతుంది. కుర్చీ జరిపి దారి ఇస్తాను.

"ఏంది, చీమలకు అంత మర్యాద?" అంటుంది.

"పాత మేస్త్రీలు" అంటాను. (ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.)