క్రిస్మస్ తాత చిగుళ్ళు

లోకంలో పిల్లలందరూ క్రిస్మస్ తాతను చూసి గంతులేస్తారు, చొక్కా పట్టుకుని లాగుతారు, చాక్లెట్లు కొట్టేస్తారు. క్రిస్మస్ తాతను చూసి ఏడుస్తూ కుర్చీల కింద దూరిన పిల్లలు మాత్రం ఒక్క మా చర్చి సంఘంలోనే ఉన్నారు. ఆ తాతను నేనే. ఆ మధ్యాహ్నం నేను నా నోటితో చేసిన ఘనకార్యం ముందు రైలు ప్రమాదాలు కూడా మర్యాదగా కనిపిస్తాయి. చెబుతాను, కూర్చోండి. ఏమైనా నములుతూ ఉంటే ముందు మింగేయండి.

ఎనిమిదో తరగతిలో నాకూ లెక్కలకూ పడక, గొడవ లేకుండా విడిపోయాం. తర్వాత స్టీరింగు పట్టుకుని ఢిల్లీ చేరాను. అక్కడ మేముండే వైపు మెట్రో కోసం రోడ్లన్నీ తవ్విపోసిన రోజులవి. ఒక పెద్ద ఆసుపత్రి నర్సులను హాస్టలు నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి హాస్టలుకి చేర్చే వ్యాను నాది. సరే, వ్యాను ఆసుపత్రిదే, హారన్ మాత్రం నాది. ఎక్కేవాళ్ళలో సగం మంది తెనాలి, రేపల్లె, గుడివాడ అమ్మాయిలు. ఆదివారం వచ్చిందంటే వాళ్ళందరూ మా తెలుగు సంఘంలోనే. మా సంఘంలో ఎవరైనా తుమ్మితే పక్కనున్న నలుగురు నాడి పట్టుకునేవారు.

చలికాలం పొగమంచులో ముందు బస్సు వెనక లైటు కనపడాలంటే కడుపులో వేడి టీ ఉండాలనేది నా సిద్ధాంతం. ఆగిన చోటల్లా ఒక టీ. ఏళ్ళ తరబడి తాగిన ఆ టీ ఎక్కడికీ పోలేదు, అద్దె కట్టకుండా నా పళ్ళ మీదే కాపురం పెట్టింది. పళ్ళకూ చిగుళ్ళకూ మధ్య గార, గోడకు సిమెంటు పూసినట్టు పూసుకుపోయింది. నేనేమో దాన్ని బలం అనుకునేవాణ్ణి. "డెంటిస్టు గుమ్మం తొక్కని పళ్ళు ఇవి. సీసా మూతలు తీస్తాయి, చూడండి!" అని వ్యానులో అందరి ముందూ తీసి చూపించేవాణ్ణి కూడా.

డ్రైవరు వెనక సీటు సలోమిది. పిల్లల వార్డు నర్సు. అద్దంలో మొదలైన మా చూపులు ఆ డిసెంబరుకి పెళ్ళి మాట దాకా వచ్చాయి. మిగిలింది వాళ్ళమ్మ కరుణమ్మ గారు ఒప్పుకోవడమే.

"అమ్మ వస్తోంది దాసు గారూ," అంది సలోమి ఒక రోజు. "క్రిస్మస్ ట్రీ ప్రోగ్రాంలో మిమ్మల్ని చూస్తుందట. మీకు తెలియనట్టే ఉండండి."

"ఏం చూస్తారు? చదువా? ఎనిమిది. ఉద్యోగమా? నాలుగు చక్రాలు. అయిపోయింది."

"నోరు చూస్తుంది."

"నోరా?"

"ఫరీదాబాద్ సంబంధం గుర్తుందా? కంప్యూటర్ ఉద్యోగం, సొంత ఫ్లాటు. అన్నీ నచ్చాయి అమ్మకి. ఆ అబ్బాయి నవ్వాడు. నోరంతా ఎర్రగా పాన్! చేతిలో కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి, రైలుకి టైమైందని లేచింది. రైలు మర్నాడు."

"నేను పాన్ ముట్టను కదా సలోమీ!"

"ముట్టరని నాకు తెలుసు. మీ పళ్ళు చూసినవాళ్ళకి తెలియాలి కదా. ఉమ్మితే ఎర్రగా పడుతుందనే అనుకుంటారు." సీటు మీద ముందుకు వంగి మళ్ళీ అంది. "నాన్న లేకపోయినా నన్ను చదివించి ఇంతదాన్ని చేసింది అమ్మే. అమ్మ కాదంటే నేను అవునని చెప్పలేను. ముందే చెబుతున్నా."

ఆ మాటకి వ్యాను గేరు తప్పింది. నా జీవితం మొత్తం ముందు పళ్ళ వరసలో ఇరుక్కుందని అప్పుడు అర్థమైంది.

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? వ్యాను నిండా నర్సులున్నారు కాబట్టి ఎవరినో ఒకరిని అడుగుతాడు. నేను మామూలు మనిషినా? డెంటిస్టు గుమ్మం తొక్కనని అన్ని సీసాల మీద ప్రమాణం చేసినవాణ్ణి! పైగా నా బుర్రలో ఒక బ్రహ్మాండమైన పథకం తయారైంది. వరసగా మూడేళ్ళు సంఘంలో క్రిస్మస్ తాత వేషం నాదే. ఈసారి చివర్లో గడ్డం తీసేసి, ముత్యాల్లాంటి పళ్ళతో కరుణమ్మ గారి ముందు ఒక్క నవ్వు నవ్వుతాను. సలోమికి కూడా చెప్పను. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి పడిపోవాలి!

ప్రోగ్రాం ఆదివారం. శనివారం మా వాళ్ళెవరి కంటా పడకుండా యమున దాటి ఘాజియాబాద్ పోయి, ఒక డెంటల్ క్లినిక్కులో కూర్చున్నాను. డాక్టరమ్మ నా నోట్లో అద్దం పెట్టి, లైటు ఇంకా దగ్గరికి లాక్కుని చూసింది. పురావస్తు శాఖవాళ్ళు కొత్త గుహ దొరికినప్పుడు అలాగే చూస్తారనుకుంటాను.

"భయ్యా, క్లీనింగ్ ఆఖరిసారి ఎప్పుడు చేయించావ్?" అని హిందీలో అడిగింది.

"మేడం, ఇదే మొదటిసారి."

"ఈ క్లినిక్కులోనా?"

"ఈ జన్మలో."

ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. "చూడు, గార కింద చిగుళ్ళన్నీ వాచిపోయి ఉన్నాయి. తీస్తే రక్తం వస్తుంది. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. రేపేమైనా పని ఉందా?"

"చిన్న ప్రోగ్రాం. డాన్సు."

"అయితే అది అయ్యాక రా."

"అయ్యాక పళ్ళు తెల్లబడి ఏం లాభం మేడం? మీరు కానివ్వండి. నొప్పా? నాకా? సీసా మూతలు..."

ఆ మాట పూర్తి కాలేదు. నీళ్ళు చిమ్ముతూ కీచుమనే పుల్ల ఒకటి నా నోట్లో దూరింది. మెట్రోవాళ్ళు రోడ్డు తవ్వడం రోజూ చూసేవాణ్ణి, రోడ్డుకి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. కుర్చీ చేతులను పిసికిన పిసుకుడికి రెక్సిన్ మీద నా వేళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉండి ఉంటాయి. మధ్యలో పుక్కిలించమన్నప్పుడు సింకులోకి ఒకసారి చూసి, రెండోసారి చూడలేదు.

అయిపోయాక నాలుకతో తడుముకున్నాను. పళ్ళ మధ్య సందులు! ఊపిరి పీలిస్తే చల్లగాలి దూసుకుపోతోంది.

"మేడం, ఎన్ని పళ్ళు పీకేశారు?"

"ఒక్కటీ పీకలేదు భయ్యా. ఇప్పటిదాకా నువ్వు పళ్ళనుకున్నదాంట్లో సగం రాయి." అద్దం నా చేతిలో పెట్టి, వేలు చూపిస్తూ చెప్పింది. "గట్టివీ కారమైనవీ తినకు. మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా తోముకో. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించు. చిగుళ్ళు వాటంతటవే కుదురుకుంటాయి. సమఝే?"

"సమఝ్ గయా," అన్నాను. అన్నానంతే. అద్దంలో పళ్ళు మెరుస్తుంటే ఎవరికి వినబడుతుంది?

ఇంటికొచ్చి చూసుకుంటే ఒక మూల కొంచెం పసుపు మిగిలిందని అనుమానం వచ్చింది. డాక్టరమ్మ మొదలుపెట్టింది, మనం పూర్తి చేద్దాం అనుకున్నాను. బట్టలుతికే బ్రష్షుకి తమ్ముడిలాంటి నా పాత బ్రష్షు తీసుకుని, వ్యాను టైర్లు కడిగినంత శ్రద్ధగా తోమాను. చిగుళ్ళు మంటెత్తాయి. లవంగ నూనె పూసి, పని జరుగుతోందన్నమాట అని సంతోషించాను. కొంతమందికి తెలివి దేవుడిస్తాడు, కొంతమందికి ధైర్యం ఇస్తాడు. నాకు రెండోది మొదటిదాని వాటా కూడా కలిపి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం, అద్దెకు తీసుకున్న స్కూలు హాలు కిటకిటలాడుతోంది. సరోజినీ నగర్‌లో కొన్న ఎర్ర వెల్వెట్ నైటీని కత్తిరించి కుట్టిన కోటు వేసుకున్నాను. పొట్టకి దిండు కట్టాను. ఇక గడ్డం. సంఘం నిండా నర్సులే కాబట్టి మా గడ్డానికి దూది కొరత ఎప్పుడూ లేదు. మందుల షాపు నుంచి చుట్టలకు చుట్టలు తెచ్చి గుడ్డకు అంటించి ఇచ్చారు. గాయాల మీద పెట్టే అసలు సిసలు సర్జికల్ దూది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

డప్పు మోగింది. "హో హో హో!" అంటూ దిగాను. ప్రతి "హో"కి పళ్ళ సందుల్లోంచి చలిగాలి పోయి చిగుళ్ళను గిల్లుతోంది. అయినా ఎగిరాను. ముందు వరసలో సలోమి పక్కన జరీ అంచు చీరలో, ఒళ్ళో ఊరి సంచితో ఒకావిడ నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళద్దాల్లోంచి ఆవిడ చూసిన చూపుకి దిండు కూడా సర్దుకుంది.

వాళ్ళ ముందు ఇంకో రెండు గంతులు ఎక్కువ వేశాను. ఆవిడ ముచ్చటపడి సంచిలోంచి ఒక జంతిక తీసింది.

"ఇదిగో తాతా, మా ఊరి జంతిక. నోరు తెరు."

కాబోయే అత్తగారు తన చేత్తో పెడుతుంటే, డాక్టరమ్మ గట్టివి తినొద్దందని చెప్పమంటారా? పైగా వేషంలో ఉన్నాను. గడ్డం కాస్త పక్కకు జరిపి అందుకున్నాను. ఆ జంతిక మామూలు జంతిక కాదు. తెనాలి నుంచి ఢిల్లీ దాకా రైల్లో వచ్చినా కొస విరగని జంతిక. కరకర నమిలాను. ఒక ముక్క పోయి తిన్నగా వాచిన చిగుళ్ళలో బాణంలా దిగింది. నోరంతా వెచ్చగా, ఉప్పగా అయింది.

నవ్వు మానలేదు. "హో హో హో" మానలేదు. దూది తన ఉద్యోగం మానలేదు. ఎంత పని ఇస్తే అంత పీల్చుకుంది.

ముందు కనిపెట్టింది ముందు వరసలోని ఒక బుడతడు. "మమ్మీ! సాంటా నే కిసీ కో ఖా లియా!" అని కేక పెట్టాడు. తాత ఎవరినో తినేశాడని వాడి ఫిర్యాదు. ఎవరిని తిన్నానా అని పిల్లలు ఒకర్నొకరు చూసుకుని, లెక్క తేలక కుర్చీల కింద దూరారు. డప్పు ఆగింది.

కిందికి చూసుకున్నాను. నా తెల్ల గడ్డం మధ్యలో ఎర్రటి చార, నోటి దగ్గర మొదలై బొడ్డు వైపు ప్రయాణం చేస్తోంది.

కరుణమ్మ గారు నెమ్మదిగా లేచింది. "పాన్," అంది. "దేవుని సన్నిధిలో, పసిపిల్లల మధ్య, గడ్డం చాటున పాన్! సలోమీ, లే. రైలుకి టైమైంది."

"అమ్మా, రైలు ఎల్లుండి."

"స్టేషన్లో కూర్చుంటాను!"

"కాదు ఆంటీ!" అందామని నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. ఆవిడ చీర అంచు కాపాడుకుంటూ రెండడుగులు వెనక్కి వేసింది. సలోమి నా వైపు చూసిన చూపులో కోపం కన్నా భయం ఎక్కువుంది. అమ్మ కాదంటే ఏమవుతుందో మా ఇద్దరికే తెలుసు.

ఈలోగా సంఘంలో డ్యూటీ మొదలైంది. నలుమూలల నుంచి నర్సులు నా మీద పడ్డారు.

"తల వెనక్కి వంచండి!"

"వెనక్కి కాదు, ముందుకి!"

"టీబీ ఏమో, దూరం జరగండి!"

"కడుపులో పుండు పగిలింది. మా వార్డులో ఇలాంటివి రోజూ చూస్తాం."

"మీ వార్డు సంగతి మాకొద్దులే, ముందు కోటు తీయండి. కడుపు ఎంత వాచిందో చూడు పాపం!"

వీళ్ళందరినీ తోసుకుంటూ ఆపరేషన్ థియేటర్ గ్రేస్ అక్క వచ్చి గడ్డం ఒక్క లాగు లాగింది. "ఒరేయ్ దాసూ, నోరు తెరు." మొబైల్ లైటు వేసి చూసింది. వాసన చూసింది. "పాన్ లేదు, గుట్కా లేదు. లవంగ నూనె. రక్తం చిగుళ్ళ నుంచి వస్తోంది. క్లీనింగ్ చేయించావా?"

తలూపాను.

"ఎప్పుడు?"

"నిన్న."

"ఎన్నేళ్ళకి?"

"పుట్టాక మొదటిసారి, అక్కా."

"అది చేయించుకుని జంతిక నమిలావా! చదువులేని సన్నాసీ, అడగడానికి మేమందరం చచ్చామా?"

కరుణమ్మ గారు సంచి కింద పెట్టింది. "అమ్మాయ్, సరిగ్గా చూసి చెప్పు. అది పాన్ కాదా?"

"కాదు పిన్నిగారూ. రక్తం."

"నిజంగా రక్తమేనా?"

"అచ్చంగా రక్తమే."

ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. "దేవునికి స్తోత్రం!"

ఏం జరుగుతోందో వెనక వరసలకి తెలియదు. స్తోత్రం అని వినబడగానే హాలంతా ఒక్క గొంతుతో "ఆమేన్!" అంది. పాస్టరు గారు కూడా అలవాటు కొద్దీ మైకులో "హల్లెలూయా!" అనేశారు. అల్లుడికి నోట్లోంచి రక్తం కారితే ఒక సంఘం మొత్తం దేవుణ్ణి స్తుతించడం మీరెక్కడైనా విన్నారా?

సలోమి నా నోట్లో దూది కుక్కుతోంది. "నాకోసం చేయించుకున్నారా? నాతో ఒక్క మాట అంటే ఏం పోయేది?" అని తిడుతోంది గానీ చెయ్యి మాత్రం మెత్తగా ఉంది. కరుణమ్మ గారు దగ్గరికొచ్చి, సంతలో ఎద్దుకి చూసినట్టు నా పై పెదవి ఎత్తి ఎడాపెడా చూసింది.

"పళ్ళు బాగున్నాయి," అంది. "బుద్ధే కొంచెం తక్కువలా ఉంది."

"అది నేను చూసుకుంటాలే అమ్మా," అంది సలోమి.

మా పెళ్ళి మాటలు ఇంతే. లగ్నపత్రికలో ఇంతకన్నా ఏముంటుంది చెప్పండి. రెండు రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలించి, అత్తగారు చేసిన మెత్తటి గంజన్నం తిని చిగుళ్ళను మచ్చిక చేసుకున్నాను. క్రిస్మస్ తాత వేషం మాత్రం పోయింది. మరుసటి ఏడాది నుంచి క్రీస్తు జనన నాటకంలో నాకు గొర్రె వేషం ఇస్తున్నారు. గొర్రె ముసుగులో నోరు మూసే ఉంటుంది కాబట్టి పిల్లలకు క్షేమమట.

అందుచేత, నా ముప్ఫై రెండు పళ్ళనూ సాక్షులుగా నిలబెట్టి, వాటిని పట్టుకున్న చిగుళ్ళ మీద చెయ్యి వేసి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై నా బొందిలో ప్రాణముండగా, పెళ్ళిచూపుల ముందు రోజు పళ్ళు క్లీనింగ్ చేయించుకోను, చేయించుకోను, చేయించుకోను.

నేను రాస్తున్నదంతా నా భుజం మీదుగా చదివిన సలోమి ఒక్కటే అడిగింది.

"ఇంకా ఎవరిని చూడ్డానికి వెళ్తున్నారేంటి?"